నడకలో కనిపించిన పక్షి ఏదో గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువు గట్టు మీదో, పొలం గట్టునో, ఊరి చివర గుట్టల్లోనో పక్షులను చూడటం మొదలుపెట్టినవాళ్లకు మొదటి ఏడాది వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. ఆంధ్ర, తెలంగాణల్లో రోజూ కంటబడే పక్షులనే తీసుకుని ఇక్కడ జవాబులు ఇచ్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

బైనాక్యులర్ లేకుండా మొదలుపెట్టవచ్చా?

నిరభ్యంతరంగా. కాకి, గోరింక, పికిలి పిట్ట, పసిరిక, బుచ్చిగాడు (లకుముకి పిట్ట), గుడ్డి కొంగ లాంటివి ఇరవై ముప్పై అడుగుల దూరానికి మనిషిని రానిస్తాయి. మొదటి నెల ఒట్టి కళ్లతో చూస్తే పక్షి ఎలా కూర్చుంటుంది, ఎలా ఎగురుతుంది అన్నది బాగా పట్టుబడుతుంది. చెరువు మధ్యలోని బాతులు, ఆకాశంలో తిరిగే డేగలు, ఆకుల్లో దూరే చిన్న పిట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బైనాక్యులర్ లేకపోతే పని సాగదు.

బైనాక్యులర్ మీద 8×42 అని ఉంది. అంటే ఏమిటి? ఏది కొనాలి?

మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు వైపు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం ఎంతో తెలుస్తుంది: 8×42కు 5 మిల్లీమీటర్ల పైచిలుకు, జేబులో పట్టే 10×25కు రెండున్నర. తెల్లవారుజామున, చెట్ల నీడలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కొత్తవాళ్లకు 8×42 సరైనది. 10×42లో బొమ్మ పెద్దదే కానీ చేతి వణుకు కూడా పెద్దదవుతుంది, ఒకసారికి కనిపించే మేర తగ్గుతుంది. కదిలే పిట్టను అందులో వెతికి పట్టుకోవడం కష్టం. 20×, 30× అనీ, జూమ్ అనీ ఊరించే చవక సరుకు జోలికి పోవద్దు. చేత్తో పట్టుకుంటే అందులో ఏదీ నిలబడదు. కళ్లద్దాలు వాడేవాళ్లు 'ఐ రిలీఫ్' (కన్ను అద్దానికి ఎంత దూరంలో ఉన్నా బొమ్మ మొత్తం కనిపిస్తుందో ఆ దూరం) 15 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉన్నది చూసుకుని, కంటి దగ్గరి రబ్బరు కప్పులను కిందికి దించి వాడాలి.

బైనాక్యులర్‌లో ఒక కంటికి మసగ్గా ఉంటోంది. వస్తువు పాడైందా?

చాలాసార్లు సర్దుబాటు చేయకపోవడమే కారణం. ముందు రెండు గొట్టాలను దగ్గరికీ దూరానికీ మడుస్తూ రెండు వలయాలు కలిసి ఒకే వలయం అయ్యేలా చూడండి. తర్వాత కుడి వైపు ముందు అద్దాన్ని చేత్తో మూసి, రెండు కళ్లూ తెరిచే ఉంచి, దూరంగా ఉన్న బోర్డు అక్షరాలు ఎడమ కంటికి స్పష్టంగా కనిపించేదాకా మధ్య చక్రం తిప్పండి. ఇప్పుడు ఎడమ అద్దం మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే చిన్న రింగు తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేయండి. ఆ రింగు స్థానం గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక నడకలో తిప్పాల్సింది మధ్య చక్రమే. ఇదంతా చేశాక కూడా ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంటే లోపలి అద్దాలు పక్కకు జరిగినట్టు. అలాంటిదాన్ని తిరిగి ఇచ్చేయడమే మేలు.

ఏ వేళ వెళ్లాలి? ఏ నెలలు బాగుంటాయి?

పొద్దు పొడిచిన దగ్గర్నుంచి రెండున్నర మూడు గంటలు. ఎండ ఎక్కాక పిట్టలు నీడలో సర్దుకుంటాయి, కూతలూ ఆగిపోతాయి. సాయంత్రం చివరి గంటన్నర రెండో మంచి సమయం. డేగలకు లెక్క వేరు. నేల వేడెక్కి గాలి పైకి లేచాకే అవి చక్కర్లు కొడతాయి కాబట్టి తొమ్మిది దాటాక తల పైకెత్తి చూడాలి.

అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షులు కూడా ఉంటాయి కనుక చెరువులకు అదే కాలం. కొత్తవాళ్లను మాత్రం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య మొదలుపెట్టమంటాం. మోదుగ, బూరుగ పూసే కాలమది. చెట్లకు ఆకు తక్కువ, పూల మీద పిట్టలు ఎక్కువ. వానాకాలంలో గడ్డి పెరిగి చూపుకు అడ్డమవుతుంది కానీ, గిజిగాడు గూళ్లు అల్లడం చూడాలంటే అప్పుడే వెళ్లాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి? అడవికి వెళ్లాలా?

అక్కర్లేదు. దట్టమైన అడవిలో పక్షులు వినిపించినంతగా కనిపించవు, పైగా పులుల అభయారణ్యాల్లో అనుమతి లేకుండా నడవనివ్వరు. నీళ్లున్న చెరువు, దాని పక్కన కాస్త పొలం, నాలుగు తుమ్మ చెట్లు ఉన్న చోటే బడి. ఒకే చోటికి వారం వారం వెళ్లండి. కొత్త పక్షి వస్తే మీకే తెలిసిపోతుంది. హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్ చెరువు, వికారాబాద్ అనంతగిరి, గుంటూరు వైపు ఉప్పలపాడు, శ్రీకాకుళంలో తేలినీలాపురం, దక్షిణాన నేలపట్టు, పులికాట్. పెద్ద పక్షులు గుంపులుగా నిలబడి దర్శనమిచ్చే చోట్లు కాబట్టి కొల్లేరు దగ్గరి ఆటపాక, ఉప్పలపాడు, నేలపట్టు కొత్త కళ్లకు సుళువు.

తెలుగు పేర్లు నేర్చుకోవాలా, ఇంగ్లీషు పేర్లా?

రెండూ. తెలుగు పేర్లు పక్షి నడతను పట్టిస్తాయి: చెట్టు తొలిచేది వడ్రంగి పిట్ట, ఇనుము కొట్టినట్టు 'టంక్ టంక్' అనేది కంసాలి పిట్ట. అయితే పేరు జిల్లా జిల్లాకూ మారుతుంది. ఒకచోట తీతువు అన్నదాన్ని మరోచోట చితవ అంటారు. ఇంకో చిక్కు, మన 'కొంగ' అన్న మాట కింద పది పన్నెండు వేరు వేరు పక్షులున్నాయి. అందుకని నమోదు చేసేటప్పుడు ఇంగ్లీషు పేరు, వీలైతే శాస్త్రీయ నామం రాసుకోవాలి.

శాస్త్రీయ నామాలు మనకు అంత పరాయివీ కావు. రంగురంగుల పొన్నంకి పిట్ట ఉంది చూశారా, దాని ప్రజాతి పేరే 'పిట్టా'. అది తెలుగు మాటే. 1713లో మద్రాసు ప్రాంతపు పక్షుల వర్ణనలో ఆ మాట ఇంగ్లండులో అచ్చయింది, 1816లో శాస్త్రీయ నామంగా స్థిరపడింది. అదే రకం పక్షులను ఆఫ్రికాలో చూసినా ఆస్ట్రేలియాలో చూసినా 'పిట్టా' అనే అంటారు.

## పక్షి ఎదురుగా ఉన్నప్పుడు

రెండు మూడు సెకన్లే కనిపిస్తుంది. అంతలో ఏం చూడాలి?

ముందు ముక్కు, తర్వాత తోక, ఆపైన చేస్తున్న పని. ముక్కు చూస్తే తిండి తెలుస్తుంది, తిండి తెలిస్తే కుటుంబం తెలుస్తుంది. పొట్టిగా లావుగా ఉంటే గింజలు తినేది, సన్నగా సూటిగా ఉంటే పురుగులు ఏరేది, కొక్కెంలా వంగితే మాంసం చీల్చేది, సన్నగా పొడుగ్గా వంగి ఉంటే తేనె తాగేదో బురదలో వెతికేదో. తోక చీలి ఉందా, గుండ్రంగా ఉందా, పైకి నిక్కిందా, ఊగుతోందా? నేల మీద గెంతుతోందా, నడుస్తోందా? మాను మీద పైకి పాకుతోందా?

రంగుకు చివరి స్థానం ఇవ్వండి. 'పసుపు పచ్చగా ఉంది' అంటే ఇరవై పక్షులు రావచ్చు. 'తీగ మీంచి ఎగిరి గాల్లోనే పురుగును పట్టి మళ్లీ అదే చోట వాలింది, తోక మధ్య నుంచి రెండు సూదులు పొడుచుకొచ్చాయి' అంటే ఇక పసిరిక పిట్టే.

సైజు సరిగా చెప్పలేకపోతున్నాను. సెంటీమీటర్లలో ఎలా అంచనా వేయాలి?

సెంటీమీటర్లు వదిలేసి, తెలిసిన పక్షులను కొలబద్దగా పెట్టుకోండి. పిచ్చుక 15 సెంటీమీటర్లు, గోరింక 23, పావురం 33, కాకి 42, గద్ద 60 దాకా. 'గోరింక కంటే పెద్దది, పావురం కంటే సన్నం' అని రాసుకుంటే చాలు. నీలాకాశం మీద ఒంటరిగా ఎగిరేదాని సైజు ఎంత అనుభవం ఉన్నవాళ్లనైనా మోసం చేస్తుంది. పక్కన కాకి తరుముతుంటే మాత్రం అంతకంటే మంచి కొలబద్ద దొరకదు.

బైనాక్యులర్ ఎత్తేలోపే పిట్ట మాయమవుతోంది. తప్పు ఎక్కడ?

పిట్ట మీంచి చూపు తీసి బైనాక్యులర్ వైపు చూడటం దగ్గర. చూపు పిట్ట మీదే నిలిపి, మెడ కదపకుండా, బైనాక్యులర్‌ను కళ్ల ముందుకు తెచ్చుకోవాలి. ఇంట్లో కిటికీ నుంచి కరెంటు స్తంభం మీది పింగాణీ బుడిపెను గురిపెట్టి రోజూ ఇరవైసార్లు చేస్తే వారంలో వచ్చేస్తుంది. చెట్టులో ఉంటే 'రెండో కొమ్మ చీలిక, ఎండిన ఆకు పక్కన' అని ఒక గుర్తు పెట్టుకున్నాకే ఎత్తండి.

పుస్తకంలో ఉన్న రంగు నాకెందుకు కనిపించడం లేదు?

మూడు కారణాలు. ఒకటి, వెలుగు పక్షి వెనక నుంచి వస్తోంది, అప్పుడు పసిరిక కూడా నల్లగానే ఉంటుంది. ఉదయం నడకలో సూర్యుడు మీ వీపు మీద ఉండేలా పడమటి వైపు చూస్తూ నడిచే దారి ఎంచుకోండి. రెండు, బొమ్మలో ఉన్నది జతకట్టే కాలపు మగపక్షి, మీరు చూసింది ఆడదో పిల్లదో. మూడు, కొన్నిటి రంగు రెక్కల్లో దాగి ఉంటుంది. గుడ్డి కొంగ మట్టిరంగులో కూర్చుంటుంది, లేస్తే తెల్లటి రెక్కలతో లేస్తుంది.

## తికమక పెట్టే పక్షులు

తెల్ల కొంగలన్నీ ఒకేలా ఉన్నాయి. తేడా ఎలా పట్టాలి?

ముక్కు, కాళ్లు, మెడ. ఈ మూడూ వరుసగా చూడండి.

ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు అయితే చిన్న తెల్ల కొంగ. నీళ్లలో కాలితో బురదను కదుపుతూ చేపలను లేపుతుంటుంది. లేచి ఎగిరేటప్పుడు పసుపు పాదాలు స్పష్టంగా కనిపిస్తాయి. ముక్కు పసుపు, పొట్టిగా లావుగా ఉండి, మెడ కూడా పొట్టిగా, గేదెల వెంటో ట్రాక్టరు వెంటో మేస్తుంటే పసుల కొంగ. ఎండాకాలం, వానాకాలాల్లో దాని తల, మెడ, వీపు నారింజ రంగుకు తిరుగుతాయి.

చిక్కంతా మిగిలిన రెండింటితోనే. పెద్ద తెల్ల కొంగకూ, మధ్యరకం దానికీ ముక్కు పసుపే, కాళ్లు నలుపే. ఒంటరిగా దూరంగా నిలబడితే సైజు చెప్పలేం. నోటి చీలిక గీతను చూడండి. పెద్దదానికి ఆ గీత కన్ను దాటి వెనక్కి పోతుంది, మధ్యరకానికి కంటి కిందే ఆగిపోతుంది. పెద్దదాని మెడ మధ్యలో విరిచినట్టు ఒక మడత ఉంటుంది. ముక్కు రంగు ఒక్కటే నమ్ముకుంటే దెబ్బతింటారు, ఎందుకంటే గూడు కట్టే కాలంలో ఈ రెండింటి ముక్కులూ నల్లబడతాయి.

ఎగిరేటప్పుడు మెడను ఎస్ ఆకారంలో వెనక్కి మడిచిందంటే ఇవన్నీ ఒక కుటుంబం. మెడ ముందుకు చాచి ఎగిరితే అది వేరే కుటుంబం. ఉప్పలపాడులో గూళ్లు పెట్టే పెయింటెడ్ స్టార్క్, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే నత్తగుల్ల కొంగ ఆ రెండో రకం.

పాలపిట్టను దసరాకు చూద్దామంటే దొరకదు. ఎక్కడ వెతకాలి?

తోపుల్లో, దట్టమైన చెట్లలో కాదు. కోత కోసిన చేలు, బీడు భూములు, వాటి మీదుగా పోయే కరెంటు తీగలు చూడండి. పురుగు కోసం నేల వైపు చూస్తూ గంటలకొద్దీ కదలకుండా ఉంటుంది. కూర్చున్నప్పుడు పావురమంత పక్షి, పెద్ద తల, మట్టిరంగు వీపు, ఊదా గోధుమ రొమ్ము. చాలామంది అందుకే దాన్ని దాటిపోతారు. ఎగిరిందంటే రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు విచ్చుకుంటాయి, ఇక పొరపాటుకు తావులేదు.

పండుగ నాడు పంజరంలో తెచ్చి డబ్బులకు చూపించేవాళ్లను ప్రోత్సహించవద్దు. వాటి రెక్కలు కత్తిరించో, కట్టేసో ఉంటాయి, వదిలినా బతకవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం నేరం. తెలంగాణ రాష్ట్ర పక్షి ఇదే. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది.

మా పెరట్లో హమ్మింగ్ బర్డ్ వచ్చింది. నిజమేనా?

కాదు. హమ్మింగ్ బర్డ్స్ అమెరికా ఖండాలు దాటి లేవు. మందారం మీద వాలింది తేనెపిట్ట. ఇది కూడా ఒక్కోసారి గాల్లో రెక్కలాడిస్తూ నిలబడుతుంది, అందుకే ఆ పొరపాటు. మన దగ్గర ఎక్కువగా రెండు రకాలు. మగది ఒళ్లంతా నల్లగా, ఎండ పడితే ఊదా నీలంగా మెరిస్తే పర్పుల్ సన్‌బర్డ్. పొట్ట పసుపు, గొంతు ఊదా, వీపు ఎర్రమట్టి రంగు అయితే పర్పుల్ రంప్‌డ్. మొదటిదాని మగపక్షి గూడు కాలం అయ్యాక ఆ నలుపు వదిలేసి, పసుపు రొమ్ము మధ్య ఒకే ఒక నల్ల గీతతో తిరుగుతుంది. ఇదేదో కొత్త జాతి అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు.

డేగ అనుకున్నది డేగ కాదన్నారు. ఎలా తప్పాను?

బహుశా హాక్ కుకూను చూసి ఉంటారు. కోయిల బంధువైన ఈ పక్షి షిక్రా డేగ లాగే బూడిద రంగులో, తోక మీద అడ్డపట్టీలతో, అదే తీరులో ఎగురుతూ వాలుతుంది. చిన్న పిట్టలు కూడా భయపడి గోల చేస్తాయి. తేడా ముఖంలో ఉంది: డేగ ముక్కు మొదటి నుంచే కొక్కెంలా వంగుతుంది, పాదాలు లావుగా, గోళ్లు పెద్దగా ఉంటాయి. కుకూ ముక్కు దాదాపు సూటిగా ఉంటుంది, కంటి చుట్టూ పసుపు వలయం. ఎండాకాలం రాత్రుళ్లు కూడా గొంతు పెంచుకుంటూ పోయి చటుక్కున ఆపే కూత దీనిదే.

గద్దకూ గరుడ పక్షికీ తేడా?

తోక. గద్ద తోక చివర లోపలికి నొక్కినట్టు చీలి ఉంటుంది, ఒళ్లంతా మాసిన గోధుమ రంగు. గరుడ పక్షి తోక గుండ్రం, తల రొమ్ము తెలుపు, మిగతా ఒళ్లు ఇటుక రంగు, ఎక్కువగా నీళ్ల దగ్గరే. దాని పిల్లలు మాత్రం గోధుమ రంగులో ఉండి గద్దను తలపిస్తాయి కాబట్టి తోకనే నమ్మండి.

కాకి కాకుండా నల్లగా ఉన్నవి ఏమేమిటి?

తోక రెండుగా చీలి, తీగ మీదో గేదె వీపు మీదో కూర్చుంటే ఏట్రింత, పసుల పోలిగాడు అన్నా అదే. కన్ను ఎర్రగా, ముక్కు లేత ఆకుపచ్చగా ఉంటే మగ కోయిల. రెక్కలు ఇటుక రంగు, నడక కోడిలా, పొదల్లోంచి 'కూప్ కూప్' అంటే జెముడు కాకి. ఒంటినిండా నలుపు, లావు ముక్కు అయితే మాలకాకి. ఊరకాకికి మెడ బూడిద రంగు.

చలికాలంలో కోయిల ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోదు, కూయడం మానేస్తుంది. పండ్లు కాసిన రావి, మర్రి చెట్లలో చూడండి. గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలున్నది ఆడ కోయిల. 'కుహూ' అనేది మగదే.

పిచ్చుకల గుంపు అనుకుంటే గిజిగాళ్లన్నారు?

వానాకాలంలో మగ గిజిగాడి నెత్తి పసుపు, మొహం నలుపు కనుక సందేహం రాదు. మిగతా కాలంలో ఆడా మగా ఆడపిచ్చుకలాగే ఉంటాయి. గిజిగాడి ముక్కు మరింత లావు, తోక పొట్టి, జొన్న చేలలోనో రెల్లులోనో పెద్ద గుంపులుగా ఉంటుంది. ఇంటి చూరు పట్టుకుని ఉండేది పిచ్చుక.

చెరువు అంచున పరుగులు తీసే చిన్న మట్టిరంగు పిట్టలను గుర్తుపట్టడం నా వల్ల కావడం లేదు.

మొదటి ఏడాది ఎవరి వల్లా కాదు. మూడింటితో సరిపెట్టుకోండి. పొడవాటి గులాబీ కాళ్ల మీద తెలుపు నలుపులో నిలబడేది బ్లాక్ వింగ్‌డ్ స్టిల్ట్. వెనక భాగాన్ని ఆగకుండా ఊపుతూ ఒంటరిగా నడిచేది కామన్ సాండ్‌పైపర్. కంటి చుట్టూ పసుపు వలయం, గబగబా నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగేది లిటిల్ రింగ్‌డ్ ప్లోవర్. మిగిలినవి 'ఉల్లంకులు' అని రాసి వదిలేయడం తప్పు కాదు.

## చెవికి పని

కూతలు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

రికార్డింగులు వరుసపెట్టి వింటే ఏదీ నిలవదు. ఒక కూత వెంట పడి, కూసేదాన్ని కంటితో చూసేదాకా కదలకండి. అలా పట్టుకున్నది మరిచిపోరు. వారానికి ఒక్కటి చాలు. తీతువు, కంసాలి పిట్ట, కోయిల, జెముడు కాకి, రామచిలుక. ఈ ఐదూ వస్తే వాటిలో కలవని కొత్త గొంతు దానంతటదే వేరుగా వినిపిస్తుంది.

కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ మాట నమ్మవచ్చా?

సలహాగా తీసుకోండి, సాక్ష్యంగా వద్దు. భారత పక్షుల ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేని చోట కూడా పనిచేస్తుంది. ఏట్రింత షిక్రా గొంతును అనుకరిస్తుంది, యాప్ షిక్రా అనేస్తుంది. గాలి, ట్రాక్టరు, పక్కవాళ్ల మాటలు కలిసినా తప్పులొస్తాయి. ఫోను ఎత్తి పట్టుకుని, మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేసి, వచ్చిన పేరుగల పక్షిని కంటితో చూశాకే జాబితాలో చేర్చండి.

రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని బయటికి రప్పించవచ్చా?

వద్దు. తన చోటులోకి మరో మగది వచ్చిందనుకుని అది మేత మాని, గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. నలుగురు వచ్చిపోయే చోట ఇదే రోజూ జరిగితే ఆ పక్షి చోటు మారుస్తుంది.

## ఇంటికి వచ్చాక

నోట్‌బుక్‌లో ఏం రాయాలి?

పుస్తకం తెరవకముందు రాయడం ముఖ్యం. బొమ్మ చూశాక చూడని గుర్తులు కూడా చూసినట్టే అనిపిస్తాయి. తేదీ, వేళ, చోటు, వెలుగు ఏ వైపు, ఏ పక్షి కంటే పెద్దది, ముక్కు, తోక, కాళ్లు, ఏం చేస్తోంది. ఒంటికి కోడిగుడ్డు ఆకారం, దాని మీద తలకు చిన్న గుడ్డు ఆకారం గీసి, ముక్కు, తోక తగిలించి, రంగులున్న చోట బాణం గుర్తులు వేయండి. బొమ్మ ఎంత వికారంగా ఉన్నా నష్టం లేదు.

చూసిన పక్షుల జాబితాలు ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో తప్పు పేరు ఎక్కిస్తే?

సరిదిద్దవచ్చు. ఆ ప్రాంతానికీ కాలానికీ పొసగని పేరు వస్తే అక్కడి స్వచ్ఛంద పరిశీలకులు వివరాలు అడుగుతారు, అది నేరారోపణ కాదు. పదిహేను నిమిషాలు ఒకేచోట నిలబడి, కనిపించిన ప్రతి జాతినీ, కాకులతో సహా, సంఖ్యతో రాసిన జాబితా మంచి జాబితా. అరుదైనవి మాత్రమే ఏరి రాస్తే మామూలు పక్షులు తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో ఎవరికీ తెలియదు. జాతి తేలకపోతే 'ఏదో ఒక డేగ' అన్న స్థాయిలో ఎక్కించే వీలుంది.

కలివికోడిని చూశానంటే ఎవరూ నమ్మడం లేదు. ఏం చేయాలి?

అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. కనుక అడిగేవాళ్లు గట్టిగానే అడుగుతారు. ముళ్ల పొదల మధ్య, రాత్రిపూట తిరిగే పక్షి అది. రొమ్ము మీద రెండు పట్టీలుంటాయి. పట్టపగలు బీడులో పరుగెత్తుతూ కనిపించింది ఇండియన్ కోర్సర్ గానీ, కంటి దగ్గర పసుపు తోలు వేలాడే తీతువు గానీ అయ్యే అవకాశమే ఎక్కువ. ఫోటో ఎంత మసగ్గా ఉన్నా, కూత రికార్డు ఉన్నా, ఆ రాత్రే రాసిన వివరణతో కలిపి అటవీ శాఖకు ఇవ్వండి. కచ్చితమైన చోటును మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.